రాఘవయ్యగారి ‘ఏమో’

గుంటూరు నుంచి విడదీసి పల్నాడును వేరే జిల్లా చేసిన ఏడాది నాకు నరసరావుపేటలో ఒక ప్రభుత్వాసుపత్రికి బదిలీ అయింది. అప్పటికి నా హోదా డిప్యూటీ సివిల్ సర్జన్. ప్రభుత్వంలో డాక్టర్లు సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా చేరతారు, ఏళ్ళు గడిస్తే డిప్యూటీ అవుతారు, ఇంకా ఓపికుంటే సివిల్ సర్జన్ అవుతారు. హోదాలో సర్జన్ అన్న మాట ఉంది గాని, నేను కత్తి పట్టింది ఇంట్లో కూరగాయల మీదే. నాది మానసిక వైద్యం.

నాకిచ్చిన ఓపీ గది కళ్ళ విభాగం పక్కన ఉండేది. ఓపీ అంటే చీటీ రాయించుకుని వచ్చి, చూపించుకుని, మందులు తీసుకుని ఇంటికెళ్ళే వాళ్ళ విభాగం. గది చిన్నదే గాని చోటు బంగారం. మా వైపు పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చామని చెప్పుకోడానికి ఎవరికీ నోరు రాదు. కళ్ళు చూపించుకోడానికి వెళ్ళామంటే మాత్రం ఎవరూ ఏమీ అనుకోరు. అందుకని నా రోగులు కళ్ళ డాక్టరు గారి బెంచీ మీద కూర్చుని, అటూ ఇటూ చూసి, తెలిసిన మొహం ఏదీ కనపడకపోతే నా గదిలోకి జారుకునేవాళ్ళు. ఆయన మంచివాడు. మీ పుణ్యాన నా ఓపీ చానా పెద్దదని పైవాళ్ళు అనుకుంటున్నారని నన్ను వేళాకోళం చేసేవాడు.

పొలాల్లో మిరప నార్లు పోస్తున్న రోజుల్లో ఒక పొద్దున ఆయనే స్వయంగా ఒక కుటుంబాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మాచవరం అవతల ఒక ఊరు వాళ్ళది. ముందు తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజాన కండువాతో రాఘవయ్యగారు. వెనక ఆయన కోడలు సుజాత. ఆమె చంకలో ఇంకా ఏడాది నిండని బాబు, వాణ్ణి ఇంటిల్లిపాదీ బుజ్జోడు అంటారు. వీళ్ళకు బారెడు దూరంలో, గోడకు కూడా తగలకుండా ఒద్దికగా నిలబడ్డ పదకొండేళ్ళ పిల్ల, లాస్య. పిల్లవాడి కళ్ళు నిక్షేపంగా ఉన్నాయని, అయినా మాటిమాటికీ చూపించడానికి తెస్తున్నారని, తెమ్మని పోరుతున్నది ఈ అక్కేనని, కాబట్టి చూడాల్సింది తమ్ముణ్ణి కాదని చెప్పి కళ్ళ డాక్టరు గారు తన గదికి వెళ్ళిపోయాడు. దీన్ని మేం రిఫరల్ అంటాం. మామూలుగా చీటీ మీద ఒక ముక్క గీకి పంపుతారు. ఆయన మనిషిని తెచ్చి అప్పగించాడు.

పిల్ల చేతులు చూశాను. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి, ఎర్రబారి, ఏళ్ళ తరబడి అంట్లు తోమిన చేతుల్లా ఉన్నాయి. ఇంతకాలం ఎందుకు తీసుకురాలేదని సుజాత మీద కాస్త కోప్పడ్డాను. ఆమె చెప్పింది విన్నాక నా కోపం దిగిపోయింది.

మిరప కోతల కాలంలో పల్నాడులో చేతులు కడుక్కోని మనిషి ఉండడు. కాయ కోసినా, కల్లంలో ఎండబోసినా, తొడిమ తీసినా ఆ ఘాటు చేతిని పట్టుకుని వదలదు. నూనె రాసి, మజ్జిగ పోసి, సబ్బు రుద్ది, ఇంకా మండుతుందేమోనని మళ్ళీ కడుగుతారు. ఆ చేత్తో కళ్ళు నలుపుకోవద్దని పసిపిల్లలకు ఉగ్గుపాలతో నేర్పుతారు. అలాంటి ఊళ్ళో ఒక ఆడపిల్ల మాటిమాటికీ చేతులు కడుగుతుంటే ఎవరికి అనుమానం వస్తుంది? శుభ్రం తెలిసిన పిల్ల అని ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు. సుజాతకూ గొప్పగానే అనిపించింది. కోతలైపోయి, కల్లం ఊడ్చేసి, సరుకు మిర్చి యార్డుకు వెళ్ళిపోయాక కూడా పిల్ల కుళాయి దగ్గర నుంచి లేవకపోతే అప్పుడు తెలిసింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. లాస్య అడుసు తొక్కకుండానే కడుగుతోంది.

ఈ జబ్బును ఓసీడీ అంటాం. రమ్మనకుండా వచ్చి బుర్రలో తిష్ఠ వేసే భయం ఒకటి, ఆ భయాన్ని వెళ్ళగొట్టడానికి చేసి తీరాల్సి వచ్చే పని ఒకటి. మొదటిది ఆబ్సెషన్, రెండోది కంపల్షన్. పని చేస్తే భయం కాసేపు తగ్గుతుంది. తగ్గింది గదా అని మళ్ళీ వస్తుంది, ఈసారి ఇంకా ఎక్కువ చాకిరీ అడుగుతుంది. లాస్య భయం తన గురించి కాదు. తన చేతికి కంటికి కనపడని కారం అంటుకుని ఉందనీ, తాను ముట్టుకుంటే తమ్ముడి కళ్ళు పోతాయనీ. కల్లంలో ఎవరో అన్నారట, "ఆ చేత్తో తమ్ముణ్ణి ముట్టుకోమాకే, కళ్ళు పోతాయ్" అని. ఆ మాట వల్లే జబ్బు వచ్చిందని నేననను. ఆ మాట పడని పిల్ల ఆ ఊళ్ళో ఉండదు. భయానికి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి, ఈ ఊళ్ళో మిరపకాయ దొరికింది.

పిల్ల రోజు ఎలా గడుస్తుందో అడిగి తెలుసుకున్నాను. మా వృత్తిలో ఇది ముఖ్యం. జబ్బు పేరు కంటే జబ్బు ఏమేం లాక్కుందో ముందు తెలియాలి. బడిలో అన్నం గంట కొడితే లాస్య కుళాయి దగ్గరికి వెళ్ళేది, మళ్ళీ గంట కొట్టేదాకా కడుగుతూ ఉండేది, ఆకలితోనే క్లాసుకు వచ్చేది. పెన్ను జేబురుమాలుతో పట్టుకుని రాయడం వల్ల పరీక్షలో సగం పేపరు మిగిలిపోయేది. బద్ధకం అని సారు తిట్టాడు. తోటి పిల్లలు కుళాయి లాస్య అని పేరు పెట్టారు. ఇంట్లో అన్నం తల్లే కలిపి పెట్టేది. తండ్రి పొలం నుంచి వస్తే వాకిట్లోనే బట్టలు మార్చుకోవాలి. చివరికి వంటింట్లో కారం డబ్బా కూడా తీసేశారు. ఆ సంగతి చెప్పేటప్పుడు రాఘవయ్యగారు గొంతు తగ్గించాడు.

"మిరపకాయలు పండించే ఇంట్లో మిరియాల చారు పోసుకుని తింటన్నాం డాక్టరమ్మా. ఊళ్ళో తెలిస్తే తలెత్తుకోలేం. కళ్ళాసుపత్రికి పోతన్నామనే చెప్పాం."

పిల్లతో విడిగా మాట్లాడాను. జబ్బు తగ్గితే ముందు ఏం చేస్తావని అడిగాను. బడి గురించో ఆటల గురించో చెబుతుందనుకున్నాను.

"తమ్ముణ్ణి ఎత్తుకుంటా మేడమ్. వాడికి నడక రాకముందే ఎత్తుకోవాలి. వచ్చిందంటే ఇంక చంకలో ఉండడంట, దిగి పరిగెత్తుతాడంట."

కోతలకు ముందు వాణ్ణి చంక దింపేది కాదట ఈ పిల్ల. ఇప్పుడు వాడు చేతులు చాపితే వెనక్కి జరుగుతోంది. అప్పటికే వాడు మంచం పట్టుకుని నిలబడుతున్నాడు. అంటే మాకు ఎక్కువ వ్యవధి లేదు.

నేను మాట్లాడుతున్నంతసేపూ ఒకటి గమనించాను. లాస్య మధ్యమధ్యలో తాత వైపు తిరిగి, "తాతా, బుజ్జోడి కళ్ళకి ఏం కాదు గదా?" అనేది. ఆయన తల కూడా తిప్పకుండా, "ఏం కాదు బంగారం, నేనున్నాగా" అనేవాడు. పిల్ల మొహం కాస్త తేటపడేది, కాసేపటికి మళ్ళీ అడిగేది. ఇంట్లో పొద్దున లేచింది మొదలు ఇదే తంతు అని సుజాత చెప్పింది.

కడగడం చేతితో చేసే కంపల్షన్ అయితే, అడగడం నోటితో చేసే కంపల్షన్. తాతగారి "ఏం కాదు" ఆ పిల్లకు రెండో కుళాయి. మొదటిదాన్ని కట్టేసి దీన్ని తెరిచి పెడితే లాభం లేదు. నేను ఆ మాటే చెప్పాను. మాత్ర చిన్న మోతాదులో రాస్తాను, అది కంగారును కొంత తగ్గిస్తుంది. అసలు వైద్యం మాత్రం భయపడే పనిని కొంచెం కొంచెంగా చేయడం, చేశాక కడగకుండా, అడగకుండా ఓర్చుకోవడం. పిల్ల అడిగితే ఇంట్లో ఎవరూ "ఏం కాదు" అనకూడదు. "ఏమో" అనాలి. అని, ఆమె పక్కనే కూర్చోవాలి. విసుక్కోకూడదు, లేచి పోకూడదు.

రాఘవయ్యగారు నన్ను ఎగాదిగా చూశాడు. ఆయన పాత సర్పంచి. ఊళ్ళో గట్టు తగాదా దగ్గర నుంచి మొగుడూ పెళ్ళాల తగాదా దాకా ఆయన అరుగు మీదికి రావాల్సిందే. వచ్చినవాడి భుజం మీద చెయ్యేసి "ఏం కాదు, నేనున్నాగా" అంటే వాడు ఆ రాత్రి గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయేవాడు. ఆయన పరువూ, పలుకుబడీ అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

"ఏమో అంటానికి నేనెందుకు డాక్టరమ్మా, గోడ చాలదా? మా ఇంటావంటా ఏమో అన్నోడు లేడు" అన్నాడు.

గోడ పక్కన కూర్చోలేదు గదండీ, మీరైతే కూర్చుంటారు అన్నాను. ఆయన కండువా దులుపుకుని లేచాడు.

తరువాతి రాకకు ఒక ఎండు మిరపకాయ తెమ్మన్నాను. గదిలో నా ఎదుట దాన్ని ముట్టుకోవడంతో మొదలుపెడదామని. ఆయన ఒక సంచెడు తెచ్చాడు. ఇదేంటండీ అంటే, "ఒక్క కాయ జేబులో వేసుకురావటానికి మా పరువేంగాను" అన్నాడు. సంచి మూతి విప్పిన క్షణాన ఫ్యాను తిరుగుతోంది. ఇంక చూడాలి. నాకు తుమ్ములు, నర్సుకు తుమ్ములు, బెంచీ మీద వాళ్ళకు తుమ్ములు. కంట్లో చుక్కలు వేయించుకుని కూర్చున్న ముసలమ్మలు శాపనార్థాలు పెట్టారు. కళ్ళ డాక్టరు గారు రుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వచ్చి, నా ఓపీ మూయించడానికి కంకణం కట్టుకున్నారా మేడమ్ అన్నాడు. ఆ గోలలో లాస్య మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే సంచిలోంచి ఒక కాయ తీసుకుంది. నేను చెప్పకముందే.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కారం చేత్తో పసివాణ్ణి ముట్టుకోమని ఏ డాక్టరూ చెప్పడు. కాయ ముట్టుకున్నాక అమ్మ కడుక్కున్నట్టు ఒక్కసారి కడుక్కోవాలి, ఆపైన మళ్ళీ కుళాయి దగ్గరికి వెళ్ళకూడదు, అంతే మా షరతు. ముందు అమ్మ చీర కొంగు, తరవాత తమ్ముడి గిలక్కాయ, ఆ తరవాత తమ్ముడి చొక్కా. అక్కడిదాకా పిల్ల బాగానే వచ్చింది. భయం పైకి లేస్తుంది, కడగకుండా ఉంటే దానంతటదే దిగుతుంది అని ఒకసారి ఒంటికి తెలిసినాక దారి దొరుకుతుంది. వాడి ఒంటి మీద చెయ్యి వేయడం దగ్గర మాత్రం ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో లాస్యే చెప్పింది. "తాత దొంగ ఏమో అంటన్నాడు మేడమ్."

దొంగ ఏమో ఏంటని అడిగాను. నోటితో ఏమో అంటాడు, కన్ను మాత్రం కొడతాడు. లేకపోతే ఏమో అనేసి, కాసేపాగి, గోడతో చెబుతున్నట్టు, ఏమవుద్ది, ఏమీ కాదు అంటాడు. పిల్ల తెలివిగలది. జబ్బు తాతను వాడుకుంటోందని తనకు అర్థమైపోయింది. నేను రాఘవయ్యగారి వైపు చూస్తే ఆయన పైకప్పు వైపు చూశాడు. ఊళ్ళో ఎంతమందికి తీర్పు చెప్పాడో ఏమో, ఆ పూట మనవరాలి ముందు ముద్దాయిలా నిలబడ్డాడు. "ఆ మాట నా నోట రావట్లేదమ్మా, గొంతులో అడ్డం పడుద్ది" అన్నాడు. మనసులో మాటే చెప్పాడు, అందుకని నాకు ఆయన మీద గౌరవం కలిగింది. అలాగైతే బయట కూడా సాధన చేయండి, తెలియని దానికి తెలియదని అనండి, అలవాటవుతుంది అన్నాను.

ఆ సలహా ఇచ్చేటప్పుడు పల్నాడు సంగతి నాకు గుర్తుండాల్సింది. ఒక సాయంత్రం టీ కొట్టు దగ్గర వాళ్ళ పార్టీ కుర్రాడొకడు, "ఈసారి కూడా మనమే గదా బాబాయ్?" అన్నాడట. ఈయన టీ ఊదుకుంటూ, "ఏమోరా" అన్నాడట. అంతే. టీ చల్లారే లోపు రాఘవయ్య పార్టీ మారుతున్నాడన్న వార్త ఊరు దాటింది. తెల్లారేసరికి ఇటు వాళ్ళు నిలదీయడానికి, అటు వాళ్ళు కండువా కప్పడానికి ఇంటి ముందు నిలబడ్డారు. సుజాత ఇదంతా నా దగ్గర చెబుతూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది.

ఆ రోజు ఆయన కావాలంటే సులువుగా తప్పించుకునేవాడు. నోరు జారిందనో, వేళాకోళానికి అన్నాననో చెబితే సరిపోయేది. ఆయన అరుగు మీద నిలబడి, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పేశాడట. "పార్టీ లేదు, ఏం లేదు. మా లాస్యకు బుర్రలో భయం పట్టుకుంది. పేటలో మనసు డాక్టరమ్మ చూస్తంది. నేను ఏమో అంటమే దానికి మందు. నేర్చుకుంటన్నా. మీరు కూడా దాన్ని కుళాయి అనటం మానుకోండి" అన్నాడట. కళ్ళాసుపత్రి అబద్ధం అక్కడితో పోయింది. జనం కాసేపు నోళ్ళు తెరిచి, తరవాత సర్దుకుపోయారు. బడిలో సారు లాస్యను పిలిచి కూర్చోబెట్టుకుని, రాయడానికి ఎక్కువ సమయం ఇస్తానన్నాడు. తోటి పిల్లలు పేరు మార్చారు. ఏమో లాస్య అని పెట్టారు. పిల్లకు అది ఇష్టమే అయింది.

ఆ తరవాతి రాకలో అసలు సంగతి జరిగింది. నేను వేరే రోగితో మాట్లాడుతూ, తలుపు తెరిచి ఉండటం వల్ల బయటి బెంచీని చూస్తున్నాను. లాస్య బెంచీ చివర కూర్చుంది. బుజ్జోడు తల్లి ఒడిలోంచి జారి, బెంచీ అంచు పట్టుకుని, ఒక్కో అడుగు పక్కకు వేసుకుంటూ అక్క దగ్గరికి చేరాడు. చేరి, ఎవరినీ అడగకుండా అక్క వేళ్ళు రెండు పట్టుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఆ తడి చేత్తోనే కళ్ళు నలుపుకున్నాడు.

లాస్య బిగుసుకుపోయింది. సుజాత లేవబోయింది, నేను చేత్తో ఆగమన్నాను.

"తాతా, ఏం కాదు గదా?"

రాఘవయ్యగారు మనవరాలి మొహంలోకి చూశాడు. ఆ పాత మాట నాలుక చివరిదాకా వచ్చి ఉంటుంది. ఆయన గొంతు సవరించుకుని, "ఏమోనమ్మా. నాకు తెలవదు" అన్నాడు. కన్ను కొట్టలేదు. లేచి వెళ్ళలేదు. ఆమె పక్కకు ఇంకొంచెం జరిగి కూర్చున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇది మిరపకాయ పని కాదు, ఆ పూట ఎవరూ సంచి తేలేదు.

పిల్ల కుళాయి వైపు ఒకసారి చూసింది. నా గదిలో రోగి ఏం చెబుతున్నాడో నాకు వినపడటం లేదు. కాసేపటికి లాస్య వంగి, రెండు చేతులూ తమ్ముడి చంకల కింద పెట్టి, వాణ్ణి ఎత్తి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. వాడు అక్క జడ పట్టుకుని లాగాడు. "ఒరేయ్, ఎంత బరువెక్కావురా" అంది. నా ఎదుట ఉన్న రోగిని మొదటి నుంచి మళ్ళీ చెప్పమన్నాను. అంతకాలం ఉద్యోగం చేశాక ఆ సంగతి చెప్పుకోడానికి సిగ్గేమీ లేదు.

ఆ తరవాత కూడా వెనకడుగులు పడ్డాయి. మళ్ళీ కోతల కాలంలో కడగడం కొంత పెరిగింది, ముందే అనుకున్నాం కాబట్టి కంగారు పడకుండా మళ్ళీ మొదలుపెట్టాం. ఓసీడీని వేళ్ళతో సహా పీకేశామని మేం చెప్పం. అది వచ్చినప్పుడు ఏం చేయాలో పిల్లకు, ఇంట్లో వాళ్ళకు తెలిస్తే చాలు, జీవితం జీవితంలా నడుస్తుంది. వాళ్ళింట్లో వంటింటి గూట్లోకి కారం డబ్బా తిరిగొచ్చింది. ఆ ఏడు కొత్త కారం ఒక సీసాడు నాకూ తెచ్చారు. మా ఆయన మొదటి ముద్దకే చెంబెడు నీళ్ళు తాగాడు.

నేను రిటైరయ్యే ఏడాది, కళ్ళ విభాగం బెంచీ మీద రాఘవయ్యగారు మళ్ళీ కనిపించాడు. ఈసారి నిజంగానే కళ్ళకే వచ్చాడు. శుక్లం ఆపరేషన్. ఆకుపచ్చ గౌను వేసి, తలకు టోపీ పెట్టి కూర్చోబెట్టారు. పంచె, కండువా లేకపోయేసరికి మనిషి చిన్నవాడైపోయినట్టున్నాడు. ఒక పక్క లాస్య, అప్పటికి ఓణీ వేసే ఈడు వచ్చింది. బుజ్జోడు వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు పరిగెడుతున్నాడు, ఎవరి చంకకూ దొరకడం లేదు. నన్ను చూడగానే పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"డాక్టరమ్మా, కళ్ళకి ఏం కాదు గదా?"

ఇది చిన్న ఆపరేషనేనండీ, ఏం కాదు అనబోయాను. ప్రతి డాక్టరుకూ ఆ మాట నాలుక చివరే ఉంటుంది. నా కంటే ముందు లాస్య అందుకుంది.

"ఏమో తాతా" అంది. అని, ఆయన చేతిని నా చేతిలోంచి తీసుకుని తన చేతిలో పెట్టుకుంది.

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నర్సు వచ్చి పేరు పిలిచేదాకా నవ్వుతూనే ఉన్నాడు. తరవాత మనవరాలి చెయ్యి పట్టుకుని థియేటరు తలుపు దాకా నడిచి వెళ్ళాడు. మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు.

ఈ కేసు వల్ల నేను తెలుసుకున్నది ఇది. భయపడ్డ పిల్లకు "ఏం కాదు" అని చెప్పి పంపిస్తే మళ్ళీ అడగడానికి వస్తుంది. "ఏమో" అని పక్కన కూర్చుంటే కొన్నాళ్ళకు అడగడం మానుకుంటుంది. మొదటిదానికి ధైర్యం చెప్పేవాడు కావాలి, రెండోదానికి ధైర్యం ఉన్నవాడు కావాలి.